గీత చూసి తీర్పు చెప్పొద్దు

మూత్రం నమూనా చేతికి రాగానే ల్యాబ్‌లో మేం ముందు చూసేది మందును కాదు, వేడిని. పట్టిన నాలుగు నిమిషాల్లోపు సీసా మీది పట్టీ 32 నుంచి 38 డిగ్రీల సెల్సియస్ మధ్య చూపాలి. తర్వాత మూత్రంలో సహజంగా ఉండే క్రియాటినిన్ అనే పదార్థాన్ని. డెసిలీటరుకు 20 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే నమూనా పలచబడిందని రాసుకుంటాం.

ఆ తర్వాతే మందును పట్టే పరీక్ష స్ట్రిప్. దాన్ని తిరగేసి చదవాలి. గీత పడితే మందు లేనట్టు, పడకపోతే ఉండొచ్చన్నట్టు. వెలుతురుకు పెట్టి చూస్తే గానీ కనబడనంత సన్నగా పడినా అది నెగెటివే.

స్ట్రిప్ ఒక్కదాన్నే నమ్మితే రెండు వైపులా ప్రమాదం. నిద్రమాత్రల కుటుంబాన్ని పట్టే స్ట్రిప్‌లలో చాలావాటికి క్లోనాజెపామ్, లోరాజెపామ్ సరిగా చిక్కవు. మార్ఫిన్ స్ట్రిప్‌కు ట్రమడాల్ దొరకదు. అదే స్ట్రిప్ దగ్గుమందులోని కోడీన్‌కూ పాజిటివ్ చూపిస్తుంది, ఒక్కోసారి కూరలో వేసిన గసగసాలకూ చూపిస్తుంది. గసగసాల గొడవ వల్లే అమెరికా ప్రభుత్వం ఉద్యోగుల పరీక్షల్లో మిల్లీలీటరుకు 300 నానోగ్రాములుగా ఉన్న హద్దును 1998లో 2,000కు పెంచింది.

అందుకే పాజిటివ్ నమూనా మాస్ స్పెక్ట్రోమీటర్ దాకా వెళ్లాలి. మందు ఒంట్లో ఏ రూపంలోకి మారిందో అది పేరుపెట్టి చెబుతుంది. ఎందుకు వేసుకున్నారో మాత్రం చెప్పలేదు. తెలంగాణలో కల్లులో నిద్రమాత్రల కుటుంబానికే చెందిన అల్ప్రాజోలమ్ కలిపి అమ్మిన కేసులు ఎన్నో పట్టుబడ్డాయి. ఆ కల్లు తాగిన కూలీ మూత్రంలోనూ, గుండెదడకూ భయానికీ డాక్టరు రాసిన మాత్ర వేసుకున్న టీచరమ్మ మూత్రంలోనూ యంత్రానికి కనబడేది ఒకటే పదార్థం. ఒకరు మోసపోయినవారు, ఇంకొకరు వైద్యం చేయించుకుంటున్నవారు. ఇద్దరిలో ఎవరినీ దుర్వినియోగం చేశారనడానికి లేదు. ఎన్ని మాత్రలు మింగారన్నదీ మూత్రంలోని అంకెను బట్టి తేల్చలేం.

మా పనిలో నేను అన్నిటికన్నా గౌరవించేది ఈ హద్దునే. మందు ఉందా లేదా అన్నంతవరకే మా మాట. దుర్వినియోగమా కాదా అన్నది చీటీ చూసి, మనిషితో మాట్లాడి డాక్టరు తేల్చాల్సిన సంగతి.

ఉద్యోగమిచ్చేవాళ్లకూ తల్లిదండ్రులకూ నా విన్నపం ఒక్కటే. స్ట్రిప్ చూసి ఎవరినీ ఇంట్లోంచీ కొలువులోంచీ వెళ్లగొట్టకండి, నిర్ధారణ పరీక్ష అడగండి. పరీక్షకు వచ్చేవాళ్లు వాడుతున్న ప్రతి మందు పేరూ ముందే చెప్పండి. అల్ప్రాజోలమ్ అలవాటైనవాళ్లు భయపడి ఒక్కసారిగా మానేయొద్దు, ఫిట్స్ రావొచ్చు. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి.