పల్లీ మొగ్గపై పనితనం
భివండీలోని నార్పోలి మరమగ్గాల నడుమ స్థిరపడిన తెలుగు కుటుంబాలు నిత్యం నూరుకునే పల్లీ వెనుక, తెగిన పోగును అతికే నేతగాని ఓర్పుకు దీటైన ఓర్పు ఒకటి ఉంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధకులు సాయంత్రం వేళ మొగ్గను పట్టకారుతో విప్పి, కీలాగ్రం నలగకుండా పుప్పొడి తిత్తులను తొలగించి (దీనినే విపుంసీకరణ అంటారు), మర్నాటి ఉదయం వేరొక రకపు పుప్పొడిని అద్ది, గుర్తుగా దారం కట్టి, ఊడ నేలలోకి దిగి కాయ ఊరేవరకు కనిపెట్టుకొని ఉంటారు. అమెరికా రకమైన సన్‌ఒలీక్ 95ఆర్ నూనె గుణాన్ని ఈ విధంగానే మన పల్లీలోకి తెచ్చి, జునాగఢ్ వేరుశనగ పరిశోధన సంస్థతో కలిసి గిర్నార్ 4, గిర్నార్ 5 రకాలను రూపొందించారు. 2020లో విడుదలైన ఈ రకాల నూనెలో, త్వరగా ముక్కిపోనివ్వని కొవ్వు ఆమ్లమైన ఒలీయిక్ ఆమ్లం సుమారు 80 శాతం ఉండగా, సాధారణ రకాల్లో అది చాలావరకు 50 శాతం దరిదాపుల్లోనే ఉంటుంది.