కింది స్వరం ఎవరిది?

మొన్న దీపావళి సెలవులకి గండిపేటలో మా చెల్లెలి కూతురింటికి వెళ్లాను. ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీలోనే చదువుకుని, సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి, చెరువుకి దగ్గర్లో రెండు గదుల ఇల్లు అద్దెకి తీసుకుని ఒక్కతే ఉంటోంది. రెండో గదిలో మంచం లేదు. స్టాండుల మీద వరసగా నాలుగు గిటార్లు. "ఇన్ని గిటార్లెందుకే?" అన్నాను. "గిటార్లు కాదు పెద్దమ్మా, బేస్ గిటార్లు" అంది.

తేడా నాకు తెలీదు. మామూలు గిటారుకి ఆరు తీగలు, దీనికి నాలుగు. మెడ పొడుగు, తీగలు లావు. ఒకటి 1970లలో జపాన్‌లో తయారైందట, రంగు వెలిసిపోయి ఉంది. ఇంకొకటి ఈ మధ్యదే, ఐదు తీగలది. జపాన్‌దాన్ని ఒళ్లో పెట్టుకుని ఓ తీగ మీటింది. నాకేం వినబడలేదు. "ఆంప్లిఫయర్ పెట్టకపోతే ఇంతే. చెవి ఇక్కడ ఆనించు" అంది. చెక్క అంచుకి చెవి ఆనించాను. శబ్దం కాదది, దవడ ఎముకలోంచి ఏదో పాకినట్టు అన్పించింది.

ఆ రాత్రి హెడ్‌ఫోన్లు పెట్టి 'రాక్షసుడు' (1986) సినిమా పాటలు వినిపించింది. ఇళయరాజా పాటలు నాకు కొత్తేమీ కాదు. వంటింట్లో ట్రాన్సిస్టర్ మీద ఎన్ని వందల సార్లు విన్నానో! కానీ ఆ రోజు పాట అడుగున ఇంకో పాట నడుస్తోంది. గొంతుతో మాట్లాడుతూ, ఒక్కోచోట ఎదురు తిరుగుతూ, మళ్లీ వచ్చి దానికి భుజం ఇస్తూ. "ఇది కొత్తగా కలిపారా?" అని అడిగాను. అది పడీ పడీ నవ్వింది.

నిజమేమిటంటే బేస్ గిటారు లావు తీగ సెకనుకి సుమారు 41 సార్లు మాత్రమే కంపిస్తుంది. అంత కింది స్వరాన్ని మన వంటింటి ట్రాన్సిస్టర్లోని చిన్న స్పీకరు పలికించలేదు. అంటే దాదాపు నలభై ఏళ్లుగా నాకిష్టమైన పాటల్ని నేను సగమే విన్నాను. ఇళయరాజా దగ్గర ఏళ్ల తరబడి బేస్ వాయించినాయన పేరు శశిధరన్ అని కూడా నాకా రోజే తెలిసింది. నా దగ్గరున్న కాసెట్ల అట్టల మీద సంగీత దర్శకుడి పేరుంది, గాయనీ గాయకుల పేర్లున్నాయి, రాసిన కవి పేరుంది. వాయించిన చేతుల పేర్లు లేవు.

ఇదేదో సినిమావాళ్ల అలవాటు మాత్రమే అనుకోనక్కర్లేదు. కచేరీలో గాయకుడి వెనక కూర్చుని తంబురా మీటే అమ్మాయిని మనమందరం చూశాం. రెండున్నర గంటలు ఆ శ్రుతి ఆగితే పాట నిలబడదు. కరపత్రంలో ఆమె పేరు ఉండదు. జంగం కథలో కథకుడి పక్కన నిలబడి బుడిగె వాయిస్తూ వంత పాడింది చాలాసార్లు అతని భార్యే. 'వంత పాడటం' అనే మాటని మన భాష ఎట్లా మార్చేసుకుందో చూడండి. సొంత బుద్ధి లేనివాళ్లు చేసే పని అన్నట్టు దాన్ని తిట్టుగా వాడతాం. మోటూరి ఉదయం స్త్రీలతో బుర్రకథ దళం కట్టి ముందుకొచ్చి కథ చెప్పినప్పుడు, ఆమె దాటింది వేదిక మెట్లొక్కటే కాదు, ఈ మాటని కూడా.

మా అమ్మాయి దగ్గర పాత గిటార్ల గురించిన పుస్తకాలూ కేటలాగులూ చాలా ఉన్నాయి. రెండ్రోజులు అవే చదివాను. సాహిత్య విమర్శ రాసేదాన్ని కదా, ముందు కళ్లు భాష మీదికే పోతాయి.

వాటిలో చెప్పే చరిత్ర ఇదీ. ఒకప్పుడు కింది స్వరం కోసం మనిషంత ఎత్తున్న డబుల్ బేస్‌ని నిలబెట్టి వాయించేవాళ్లు. 1951లో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ దాన్ని భుజానికి తగిలించుకునే ఎలక్ట్రిక్ వాద్యంగా చేసి అమ్మకానికి తెచ్చాడు. మెడ మీద మెట్లు ఉండటం వల్ల స్వరం తప్పకుండా కచ్చితంగా పలుకుతుంది, అందుకే 'ప్రెసిషన్ బేస్' అని పేరు. 1960లో 'జాజ్ బేస్' వచ్చింది. 1965 జనవరిలో కంపెనీని సీబీఎస్ సంస్థ 1 కోటి 30 లక్షల డాలర్లకి కొనుక్కుంది. ఆ అమ్మకానికి ముందు తయారైనవి ఇప్పుడు సేకరణకర్తలకి బంగారం. ఒక్క స్క్రూ మారినా ధర తగ్గుతుందట, పైన మళ్లీ రంగు వేస్తే దాదాపు సగానికి పడిపోతుందట.

ఆ వర్ణనలు చదువుతుంటే పెళ్లి ప్రకటనల పేజీ తెరిచినట్టే ఉంది! 'ఎవరి చెయ్యీ పడనిది', 'పెట్టెలోంచి తియ్యనిది', 'మచ్చలేనిది'. ఏళ్ల తరబడి వాయించకుండా పెట్టెలో దాచిన గిటారుని ఇంగ్లీషులో 'కేస్ క్వీన్' అంటారు, అంటే పెట్టెలో రాణి. వాద్యం అన్నాక మోగాలి కదా, మోగనందుకు దాని విలువ పెరగడమేమిటి? దీనికి పూర్తిగా వ్యతిరేకమైన సరుకూ అదే బజారులో ఉంది. కొత్త గిటారునే గీకి, రంగు రాల్చి, ముప్ఫై ఏళ్లు వాయించి అరిగినట్టు తయారుచేసి ఎక్కువ ధరకి అమ్ముతారు. 1995 నుంచీ ఫెండర్ కంపెనీయే వీటిని 'రెలిక్' పేరుతో చేస్తోంది. చెయ్యి పడకపోతే ఒక ధర. చెయ్యి పడ్డ గుర్తులకి ఇంకో ధర. ఎవరి చెయ్యి అన్న ప్రశ్న మాత్రం రెండు చోట్లా లేదు.

అయితే ఆ ప్రశ్నకి జవాబు గిటారు లోపలే దొరికింది. 1950ల నడిమి ఏళ్లలో తయారైన కొన్ని ఫెండర్ గిటార్లు విప్పితే, వైర్లుండే గుంటలో చిన్న కాగితపు టేపు ముక్క కనిపిస్తుంది. దాని మీద చేతిరాతతో ఒక పేరు. మేరీ, గ్లోరియా... ఆ ఫ్యాక్టరీలో వైర్లు అతికి, భాగాలు కూర్చిన ఆడవాళ్ల పేర్లవి. సేకరణకర్తలు ఆ టేపు ముక్క కోసం భూతద్దం పెట్టి వెతుకుతారు. అది ఉంటే గిటారు అసలైనదని నమ్మకం, ధర ఇంకొంచెం పెరుగుతుంది. మేరీ ఎవరు, ఎంత జీతానికి ఎన్నేళ్లు చేసింది అని నేను చదివిన ఒక్క కేటలాగూ అడగలేదు. ఆమె పేరు కూడా ఒక విడిభాగం అయిపోయింది.

అబిగైల్ ఇబర్రా కథ కొంచెం వేరు. 1956లో ఫెండర్ ఫ్యాక్టరీలో చేరి 2013 దాకా పని చేసిందామె. చేసింది పికప్‌లు చుట్టడం. తీగ కంపనాన్ని విద్యుత్తుగా మార్చే భాగం పికప్. అయస్కాంతం చుట్టూ తలవెంట్రుకంత సన్నని రాగి తీగని వేల చుట్లు చుట్టాలి. తిప్పేది యంత్రమే అయినా తీగని నడిపేది వేళ్లే. ఎక్కడ బిగువు, ఎక్కడ వదులు అన్నది ఆ వేళ్లకే తెలుసు. అందుకే ఆమె చుట్టిన పికప్‌లు ప్రత్యేకంగా పలుకుతాయని వాయించేవాళ్లు గుర్తుపట్టి వెతుక్కుని కొన్నారు.

ఇది చదవగానే నాకు మన ఆసు గుర్తొచ్చింది. పోచంపల్లి చీరకి ఆసు పోయాలంటే ఆడవాళ్లు చేతిని వేల సార్లు అటూ ఇటూ ఆడించాలి. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం 1999లో యంత్రం కనిపెట్టి దానికి 'లక్ష్మీ ఆసు' అని పేరు పెట్టారు. మనం చీర రంగుల్నీ నేతనీ పొగుడుతాం. నేతకి ముందు చుట్టిన చెయ్యి మనకి ఆ యంత్రం పేరుతో గానీ తెలియలేదు.

ఇక వాయించిన ఆడవాళ్ల సంగతి. కేరల్ కే 1935లో పుట్టిన జాజ్ గిటారిస్టు. 1963లో లాస్ ఏంజెలిస్‌లో ఒక రికార్డింగుకి బేస్ వాయించాల్సిన మనిషి రాకపోతే ఆ వాద్యం అందుకుంది. పిల్లల్ని పోషించుకుంటూ స్టూడియో నుంచి స్టూడియోకి తిరుగుతూ సుమారు పదివేల రికార్డింగులకి వాయించిందని అంచనా. నేర్చుకునేవాళ్ల కోసం 1969లో పుస్తకం రాసింది. చాలా ఏళ్లు శ్రోతలకి ఆమె పేరే తెలీదు. ఇది ఆడవాళ్లకి మాత్రమే జరిగిందనడం సరికాదు. మోటౌన్ పాటలకి ప్రాణం పోసిన నల్లజాతి బేసిస్టు జేమ్స్ జేమర్సన్ పేరు కూడా 1971లో 'వాట్స్ గోయింగ్ ఆన్' వచ్చేదాకా ఆల్బమ్ అట్టలకి ఎక్కలేదు. కింది స్వరం కిందివాళ్లదే అయింది, అంతే.

2025లో కేరల్ కేకి రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం ప్రకటిస్తే తనకి వద్దంది. తొంభై ఏళ్ల వయసులో! అది ఒక బృందంగా చేసిన పని, స్టూడియోలో పనిచేసే కళాకారుల శ్రమని అలాంటి వేడుక చూపించదు అన్నది ఆమె అభ్యంతరం. మొదట నాకు నిరుత్సాహంగా అన్పించింది. మనం ఇన్నాళ్లూ గుర్తింపు కావాలనే కదా కొట్లాడుతున్నాం? తర్వాత ఆలోచిస్తే, ఆమె అడిగింది మనం అడిగేదానికన్నా పెద్దది. ఒకామెని పైకెత్తి కుర్చీ వేసి కూర్చోబెడితే సరిపోదు, పని గురించి మాట్లాడండి అంటోంది. మరుగున పడ్డ రచయిత్రుల్ని వెలికితీసేటప్పుడు మనం కూడా 'తొలి రచయిత్రి' అని ఒక పీఠం వేసేసి, ఆమె రాతలోకి వెళ్లకుండానే ఆగిపోతుంటాం. నేనూ ఆగాను, ఒప్పుకోవాలి.

పేరు తెలిస్తే చాలదనడానికి మోహినీ డే ఉదాహరణ. ముంబయిలో 1996లో పుట్టి, తండ్రి దగ్గర చిన్నప్పుడే బేస్ నేర్చుకుని, ప్రపంచమంతా వాయిస్తోంది. 2023లో తన పేరుతోనే ఆల్బమ్ తెచ్చింది. మన పత్రికలు, చానెళ్లు ఆమె వాయించడం గురించి ఎంత రాశాయి? 2024 నవంబరులో ఆమె భర్తతో విడిపోతున్నట్టు ప్రకటిస్తే మాత్రం ఆమె పనిచేసిన ఒక సంగీత దర్శకుడితో ముడిపెట్టి రోజుల తరబడి పుకార్లు. ఆయన తనకి తండ్రిలాంటివారని ఆమె చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ గోల వల్ల మోహినీ డే పేరు తెలిసినవాళ్లలో ఎంతమంది ఆమె బేస్ విన్నారో!

మా అమ్మాయి అనుభవాలు ఇంత పెద్దవి కావు. ఆమె పాత బేస్‌లు కొని, బాగుచేసి, వాయించి, కొన్ని ఉంచుకుని కొన్ని అమ్ముతుంది. ఒక దుకాణంలో తీగల సెట్టు అడిగితే "మీ అన్నయ్యకా?" అన్నారట. కొనడానికొచ్చినవాళ్లు "సెట్ చేసినాయన్ని పిలవండి" అంటారట. "నేనే చేశానంటే బేరం రెండు వేలు తగ్గుతుంది పెద్దమ్మా" అని నవ్వుతూనే చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

అసలు సంగతి నేను బయల్దేరే ముందు రోజు బయటపడింది. సంబంధం ఒకటి కుదిరేలా ఉంది. అబ్బాయి తరపువాళ్లు మర్యాదగానే అన్నారట, "సంగీతం మంచిదే, కానీ నాలుగెందుకు? ఒకటి ఉంచుకుంటే చాలదా?" అని. మా చెల్లెలు కూడా అమ్మేయమనే అంటోంది. నన్ను నచ్చచెప్పమని పంపించింది కూడా ఆమేనని ఇక్కడ చెప్పేస్తున్నాను.

మా అమ్మకి బొబ్బిలి వీణ ఉండేది. పెళ్లిచూపుల్లో వాయించింది, పెళ్లి కుదిరింది. తర్వాత ఆ వీణ అటక ఎక్కింది. అమ్మ దాన్ని ముట్టుకోగా నేను చూసింది రెండుసార్లే, రెండుసార్లూ దుమ్ము తుడవడానికే. అది కూడా పెట్టెలో రాణే. ఇల్లు మారేటప్పుడు ఎవరికో ఇచ్చేశాం. ఎవరికిచ్చామో కూడా నాకు గుర్తులేదు. వీణ పెళ్లికి అర్హత, బేస్ గిటారు పెళ్లికి అడ్డంకి. రెంటికీ మధ్య డెబ్భై ఏళ్లు గడిచాయి, నిర్ణయించేవాళ్లు మాత్రం మారలేదు.

నేను నచ్చచెప్పలేదు. అమ్మ వీణ సంగతి చెప్పాను. అది కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత జపాన్ బేస్ వెనక రేకు విప్పి, తను అతికిన వైర్లు చూపించింది. పక్కనే టేపు ముక్క. దాని మీద ఇంటిపేరుతో సహా తన పూర్తి పేరు, బాగుచేసిన తేదీ, తెలుగులో. మూడో బేస్‌ని చేవెళ్ల నుంచి వచ్చి ఇక్కడ రెండో సంవత్సరం చదువుతున్న అమ్మాయికి వాయిదాల మీద ఇస్తోందట. ఆ పిల్ల సాయంత్రం వచ్చింది. "అక్కా, మూడు నెలలల్ల మొత్తం కడ్తా" అంది. బేరం అయిపోయింది. మిగిలిన మూడూ అమ్మనని మా అమ్మాయి వాళ్లమ్మకి ఫోన్లో చెప్పింది. అవతల్నుంచి ఏం జవాబొచ్చిందో నేనడగలేదు.

తిరిగొచ్చాక నా దగ్గరున్న పాత కాసెట్లన్నీ మంచి హెడ్‌ఫోన్లతో మళ్లీ వింటున్నాను. మీరూ వినండి. పాట కింద ఎవరో ఉన్నారు.