కెమెరా రాసిన చరణం

'వేటగాడు'లో 1979లో ఒక వాన కురిసింది. 'సాగర సంగమం'లో 1983లో ఇంకో వాన కురిసింది. రెండు పాటలూ రాసింది వేటూరి సుందరరామమూర్తే. రెంటిలోనూ ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గొంతే ఉంది, మొదటిదాంట్లో సుశీల తోడు. ఇంత దగ్గరి చుట్టాలైన ఈ పాటలు తెరమీద మాత్రం ఒకదాన్నొకటి ఎరగనట్టే ఉంటాయి.

సినిమా పాట గురించి మనం రాసిందంతా సాహిత్యం గురించో, రాగం గురించో. కంటికి కనపడిన పాట దగ్గరికొచ్చేసరికి 'చిత్రీకరణ బాగుంది' అని రెండు మాటల్లో తేల్చేసి పక్క పేరాలోకి వెళ్లిపోతాం. పాటలో సగం అర్థం ఆ రెండు మాటల కింద పడి నలిగిపోతుంది.

'వేటగాడు' వాన చూడండి. ఎన్టీఆర్, శ్రీదేవి తడుస్తుంటారు. ఆ వాన కథలో ఎందుకొచ్చిందని హాల్లో ఎవరూ అడగలేదు. వాన పాట అన్నదే తడవడానికి ఒప్పుకున్న సాకు. మామూలు సీనులో హీరో హీరోయిన్ల మధ్య ఉండాల్సిన మూరెడు దూరం వానలో బెత్తెడు అవుతుంది, దానికి సెన్సారు వారూ పెద్దవారూ కూడా తలూపుతారు. అప్పటికి ఎన్టీఆర్‌కు 56 ఏళ్లు. ఆ లెక్క కూడా వానలో కొట్టుకుపోతుంది. దర్శకుడు కె. రాఘవేంద్రరావు ఈ ఏర్పాటును ఎక్కడా దాచలేదు, మొహమాటపడలేదు. ఇది వాన పాట, మీరు వచ్చింది దీనికే అన్నట్టు తీశాడు.

ఇక్కడ ఒక పనివాళ్ల సంగతి చెప్పాలి. చినుకు ఫిలిం మీద కనపడాలంటే వెలుగు వెనక నుంచి రావాలి. ఎదురుగా లైటు కొడితే ఎంత వాన కురిపించినా తెరమీద మసకగా ఏదో కదిలినట్టు ఉంటుందే తప్ప ధార తెలియదు. వెనక లైటు పెట్టగానే ధారతో పాటు మనుషుల అంచులూ మెరుస్తాయి. వానను చూపించే ఏర్పాటే ఒంటిని కూడా చూపిస్తుంది. మన వాన పాటల్లోని శృంగారంలో కొంత వాటా లైట్‌మ్యాన్‌ది.

'సాగర సంగమం'లో కె. విశ్వనాథ్ ఇదే సరంజామా తీసుకున్నాడు. రాత్రి, వాన, వెలుగు, ఒక ఆడ, ఒక మగ. కాకపోతే మగవాడు, కథానాయకుడు బాలు, తాగి బావి గట్టు మీద నాట్యం చేస్తున్నాడు. ఆమె అతను ఏమైపోతాడోనన్న భయంతో వచ్చింది. ఆమె భర్త అప్పటికే పోయాడు. ఆ సంగతి బాలుకు తెలియకూడదని నుదుట బొట్టు పెట్టుకుని వచ్చింది. మనకు తెలుసు, అతనికి తెలియదు. వాన బొట్టు మీద పడుతోంది. బాలు తన అరచేతిని ఆమె నుదుటి మీద గొడుగులా పట్టి, ఆ కుంకుమ కరిగిపోకుండా ఆపబోతాడు.

ఆ చెయ్యి ఎంత బరువైనదో తెలియాలంటే అంతకు ముందు వాన పాటలు బోలెడు చూసి ఉండాలి. వానలో హీరో చెయ్యి ఎటు వెళ్తుందో ప్రేక్షకుడికి కంఠతా వచ్చు. ఇక్కడ ఆ చెయ్యి ఆమెను తాకదు, కాపు కాస్తుంది. అదీ లేని దాన్ని. 'వేటగాడు' లాంటి పాటలు లేకపోయి ఉంటే ఈ దృశ్యం బాగానే ఉండేది కానీ ఇంతగా గుండెలో దిగేది కాదు. మూస పాట అని మనం తీసిపారేసేదానికి ఉన్న ఉపయోగం ఇదే. మూసను అందరికీ అలవాటు చేసిన తర్వాతే ఎవడో ఒకడు వచ్చి దాన్ని పక్కకు తిప్పగలడు.

ఇలా తిప్పే వీలు మన పాటకు ఎక్కడిదంటే, పాట ముందే రికార్డు కావడం వల్ల వచ్చింది. స్టూడియోలో ట్రాక్ సిద్ధమయ్యాకే యూనిట్ లొకేషన్‌కు బయల్దేరుతుంది. అక్కడ ఆ రోజుల్లో నాగ్రా టేప్ రికార్డర్ మీద, ఇప్పుడు కంప్యూటర్‌లోంచి పాట మోగుతుంటే నటులు పెదవులు కలుపుతారు. డాన్స్ మాస్టర్ పాటను బిట్లు బిట్లుగా కోసి, ఏ బిట్టు ఎక్కడ తీస్తే బాగుంటుందో అక్కడ తీస్తాడు. ఆ రోజుల్లో పల్లవి పొద్దున ఊటీలో, చరణం వారం తర్వాత వాహినీ స్టూడియో ఫ్లోర్‌లో. శబ్దం ఒకే తాడుగా ఉంటుంది కాబట్టి బొమ్మ ఎన్ని ముక్కలైనా తెగదు. స్లో మోషన్‌లో పెదవులు కలవడం వెనక కూడా ఈ తాడే ఉంది. కెమెరా సెకనుకు 48 ఫ్రేములు తీస్తుంటే లొకేషన్‌లో పాటను రెట్టింపు వేగంతో మోగిస్తారు. నటి ఆ కీచు గొంతుకు తగ్గట్టు గబగబా పెదవులు కదపాలి. తెరమీద 24 ఫ్రేముల్లో ఆడేసరికి మాట సరిగ్గా పెదవి మీద కూర్చుంటుంది, కొంగు మాత్రం గాలిలో నింపాదిగా తేలుతుంది. గొంతుకు ఒక కాలం, ఒంటికి ఒక కాలం. డ్యూయెట్‌లో మనకు కల అనిపించేది చాలావరకు ఈ తేడాయే.

కలలోకి వెళ్లే దారి కూడా ఖాయమైపోయింది. హీరోయిన్ క్లోజప్, కళ్లు ఒక్కసారి వాలతాయి, లేచేసరికి కొండలు. చరణానికి ఒక చీర. తిరిగి వచ్చేది ఎక్కడికంటే బయల్దేరిన చోటికే, అదే జడ, అదే గుమ్మం. ఈ ఒప్పందం తెలియనివాడికి ఇది పిచ్చిగా కనపడుతుంది. తెలిసినవాడికి బట్టలు మారడం కూడా వ్యాకరణమే.

అన్నిసార్లూ ఒప్పందాన్ని తిప్పాల్సిన పని కూడా లేదు, చివరిదాకా లాగినా చాలు. 'దేవత' (1982)లోని బిందెల పాట అలాంటిది. శోభన్‌బాబు, శ్రీదేవి గోదారి ఇసుకలో, చుట్టూ వరసలు కట్టిన బిందెలు. ఇంట్లో ఒకటో రెండో ఉంటే నీళ్లకు పనికొచ్చే వస్తువు. ఇక్కడ అన్నేసి పెట్టేసరికి వాటి పని పోయి ఆకారం మిగిలింది. క్రేన్ పైకి లేచిందంటే ఇసుక మీద ముగ్గు పెట్టినట్టు ఉంటుంది. గోదారి జిల్లా, నిండుదనం, పెళ్లీడు పిల్ల, ఇవన్నీ వేటూరి మాటల్లోనూ ఉన్నాయి. కానీ మాట ఒక్క బిందెనే చెప్పగలదు, ఆ రాశిని చెప్పలేదు. ఆ బిందెలు ఆ తర్వాత హిందీ సినిమాలకూ నడిచి వెళ్లాయి. 2019లో హరీష్ శంకర్ 'గద్దలకొండ గణేష్'లో వరుణ్ తేజ్, పూజా హెగ్డేల మధ్య మళ్లీ వాటినే పేర్చాడు. అప్పటికి అవి గోదారిని చెప్పడం మానేసి శ్రీదేవిని చెప్పడం మొదలుపెట్టాయి.

ఈ బాణీ మీద నాకు ఒక పేచీ ఉంది. బిందెల మధ్య హీరోయిన్ కూడా ఒక వరసలో పెట్టిన వస్తువైపోతుంది. నడుముకో షాటు, పాదానికో షాటు, మనిషి మొత్తంగా కనపడేది పాటకు నాలుగైదు సార్లు. 'దేవత' కూడా తీసిన రాఘవేంద్రరావు పాటల్లోని పళ్లూ పూల మీద జోకులు వేసుకోవడం మన ఇళ్లలో మామూలే. నవ్వి వదిలేస్తాం గానీ ఆ జోకు కింద ఉన్నది ఈ ముక్కలు చెయ్యడమే.

అదే గోదారి, అదే వేటూరి, ఇరవై నాలుగేళ్ల తర్వాత. శేఖర్ కమ్ముల 'గోదావరి' (2006) మొదట్లో భద్రాచలం పడవ కదిలే పాటలో ఎవరూ పెదవి కదపరు. కె.ఎం. రాధాకృష్ణన్ బాణీలో బాలసుబ్రహ్మణ్యం గొంతు నది మీద ఎక్కడి నుంచో వస్తుంటుంది. విజయ్ సి. కుమార్ కెమెరా మనుషుల్ని, సామాన్లను, రేవును, నీటిని ఒకే శ్రద్ధతో చూస్తుంది. పెదవి కదిపితే పాట ఆ మనిషిది. కదపకపోతే పాట ఆ చోటుది. మాంటేజ్ పాటలు ఇప్పుడు ఎక్కువైపోయి, నటులు పాడటానికి సిగ్గుపడుతున్నారేమో అనిపించే స్థితికి వచ్చాం కానీ, ఆ పద్ధతి అవసరమైన చోట పడితే ఎంత పని చేస్తుందో ఆ పడవ చెబుతుంది. ఈ రెండు గోదారి పాటల మధ్యలో 1989 నాటి 'గీతాంజలి' ఉంది. పాటలు మళ్లీ వేటూరివే. జంటకు ఎండా పూలూ కావాలన్న రివాజును మణిరత్నం, పి.సి. శ్రీరామ్ పక్కన పెట్టి, అదే ఊటీలో మంచు చూపించారు. ప్రేమించుకునే ఇద్దరికీ చావు ముందే రాసిపెట్టి ఉన్న కథకు ఎండ అబద్ధమయ్యేది.

ఇదంతా రంగుల కాలపు విద్య అనుకుంటే 'మాయాబజార్' (1957) దగ్గర ఆగాలి. 'లాహిరి' పాటలోని వెన్నెల మార్కస్ బార్ట్లీ తెలుపు నలుపుల్లో కాచినది. దాన్ని అందరూ పొగిడారు, పొగడాల్సిందే. నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది మాత్రం కె.వి. రెడ్డి ఆ పడవల్లో ఎవర్ని కూర్చోబెట్టాడన్నది. అభిమన్యుడూ శశిరేఖా ఒక జంట, కృష్ణుడూ రుక్మిణీ ఇంకో జంట, బలరాముడూ రేవతీ మూడో జంట. మూడు జంటలకూ ఘంటసాల, లీలల గొంతులే. డ్యూయెట్ అంటే లోకానికి దూరంగా ఇద్దరే ఉండటం కదా, ఇక్కడ అత్తమామలతో సహా అందరూ ఉన్నారు. పడుచువాళ్లు చేసిన తప్పేదో పెద్దవాళ్లు కూడా అదే వెన్నెల్లో, అదే బాణీలో చేస్తున్నారు. తర్వాత పాండవులు ఆస్తి పోగొట్టుకోగానే పెళ్లికి అడ్డం తిరిగేది ఆ మూడో పడవే. రేవతి ఎంత కటువుగా మాట్లాడుతున్నా, ఈమె కూడా పాడింది కదా అని మనకు గుర్తొస్తూనే ఉంటుంది. ఒక్క డైలాగు లేకుండా ఆమె మాటల్ని ముందే వమ్ము చేసిపెట్టింది పాట.

బయటి నుంచి తెచ్చుకున్నవీ ఉన్నాయి. మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' వీడియో 1983 డిసెంబరులో వచ్చింది. 1985కల్లా 'దొంగ'లో చిరంజీవి ముందు సమాధుల్లోంచి దెయ్యాలు లేచి వరసలు కట్టాయి. జాన్ లాండిస్ తీసిన వీడియోకు ప్రాణం హారర్ సినిమా భయం. మన దగ్గరికి వచ్చేసరికి భయం రేవులోనే దిగిపోయింది, దెయ్యాలు గ్రూప్ డాన్సర్లయ్యాయి. హీరో వెనక నలభైమంది ఒకే స్టెప్పు వెయ్యడమన్న మన సొంత పద్ధతిలో అవి ఇట్టే ఇమిడిపోయాయి.

ఆ పద్ధతినే రాజమౌళి 'నాటు నాటు'లో ఎదురుదిక్కుకు తిప్పాడు. 2021 ఆగస్టులో కీవ్‌లోని మారీన్‌స్కీ ప్యాలెస్ ముందు ఆ పాట తీశారు. ఉక్రెయిన్ అధ్యక్షుడి అధికారిక నివాసం అది. సినిమాలో దొరల విందు. ఆస్కార్ వచ్చిన 2023 మార్చి నుంచీ కీరవాణి బాణీ గురించి, చంద్రబోస్ మాటల గురించి ఎంతో విన్నాం. తెరమీద జరిగిందాన్ని కూడా నెమ్మదిగా చూద్దాం. వెనక గ్రూప్ లేదు, ఇద్దరే. చుట్టూ ఉన్నవాళ్లు పరాయివాళ్లు, చిన్నచూపు చూసేవాళ్లు. మామూలుగా మాస్ పాటలో హీరోను చూసి చప్పట్లు కొట్టడానికి పెట్టే జనం స్థానంలో హీరోను వెక్కిరించే జనాన్ని పెట్టి, పాట పూర్తయ్యేలోగా వాళ్లచేతనే ఆడించాడు.

ప్రేమ్ రక్షిత్ కూర్చిన స్టెప్పులో కీలకం సస్పెండర్లు. ప్యాంటును పట్టి ఉంచే ఆ పట్టీలు దొరల వేషంలో భాగం. కథానాయకులు రామ్, భీమ్ వాటిని లాగి వదులుతూ తాళం వేస్తారు. పాలకుల బట్టను డప్పు చేసుకున్నారు. కె.కె. సెంథిల్ కుమార్ కెమెరా చాలాసేపు ఇద్దర్నీ తల నుంచి కాలిదాకా ఒకే ఫ్రేములో ఉంచుతుంది, ఎందుకంటే ఇక్కడ పందెం కాళ్లది. ఫ్రేము మోకాలి దగ్గర కొయ్యకపోతేనే నమ్ముతాం. ఇద్దరి అడుగూ ఒక్క క్షణం కూడా తేడా రాకుండా పడాలి, కథలో వాళ్ల స్నేహానికి వేరే రుజువు అక్కర్లేదు. ప్యాలెస్ ముంగిట ఊరి బాటలో లేచినంత దుమ్ము లేవడం అబద్ధమే. అడిగినవాడు మాత్రం ఎవడూ లేడు.

చివరికి పందెంలో ఇద్దరే మిగులుతారు. భీమ్ ఇష్టపడే దొరసాని జెన్నీ అతని కోసం అరుస్తోంది. రామ్ అది చూస్తాడు, కాలు మెలిపడినట్టు నటించి కూలిపోతాడు. పాటంతా అడుగు తప్పకపోవడం మీద కట్టి, దాని అర్థాన్ని మాత్రం కావాలని తప్పిన ఒక్క అడుగులో పెట్టాడు రాజమౌళి. ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌లో లోకమంతా ఆ స్టెప్పు వేసింది. ఆ పడిపోవడం మాత్రం ఎవరి రీల్‌లోకీ రాలేదు. నిలువు ఫోన్ తెరకు ఒక మనిషి, ఒక హుక్ స్టెప్, పదిహేను సెకన్లు చాలు. ఇప్పుడు సినిమా కంటే ముందు వచ్చే లిరికల్ వీడియోలు ఆ కొలతకే తయారవుతున్నాయి. పక్కన నిలబడి చూసే జెన్నీకి ఆ కొలతలో చోటు లేదు.

అయినా వీడియో వదిలేసినదాన్ని ఒక్కోసారి జనమే పూరిస్తారు. లక్ష్మణ్ రాసి, ఎస్.కె. బాజీ బాణీ కట్టి, మోహన భోగరాజు పాడిన 'బుల్లెట్టు బండి' 2021లో యూట్యూబ్‌కు వచ్చిన జానపద బాణీ పాట. పెళ్లికి సిద్ధపడిన పిల్ల తన మాట తాను చెప్పుకునే పాట. అదే ఏడాది ఆగస్టులో మంచిర్యాలలో ఒక పెళ్లికూతురు తన బరాత్‌లో, పెళ్లికొడుకు పక్కనే నిలబడి చూస్తుండగా, ఆ పాటకు డాన్స్ చేసింది. ఫోన్‌లో తీసిన ఆ ముక్క అసలు వీడియోను కూడా మళ్లీ లేపి నిలబెట్టింది. అప్పగింతల వేళ పెళ్లికూతురు తల వంచుకుని కన్నీళ్లు పెట్టుకోవాలన్నది మన సినిమాలూ, పెళ్లి వీడియోలూ కలిసి దశాబ్దాల పాటు నేర్పిన రివాజు. ఆ పాట అర్థమంతా ఆ తల ఎత్తడంలో ఉంది. ఆ తర్వాత బరాత్‌లో పెళ్లికూతురు స్టెప్పులు వెయ్యడమే కొత్త రివాజైంది, వీడియో తీసేవాళ్లు ముందే అడిగి మరీ వేయిస్తున్నారు.