చేతి రుచి, జాడీ రుచి

కొరియా దేశపు నైరుతిభాగమున, విశాలమైన వరిమళ్ల మైదానపు అంచున వెలసిన జొంజు నగరమును 2012లో యునెస్కో పాకకళానగరముల పట్టికలో చేర్చినది. ఆ గౌరవమునకు కారణమేమని అడుగువారికి ఊరివారు చూపగల పెద్ద భోజనశాలలు పెక్కు గలవు గాని, నాకు సమాధానము దొరికినది ఒక సందు మలుపుననున్న ఆరు బల్లల యింటిలో. ముందుగది భోజనశాల, వెనుకగది వంటిల్లు, దాని వెనుక పెరడు. భార్య వండును, భర్త వడ్డించును, భర్తగారి తల్లి గుమ్మముకడ చిన్న పీటపై కూర్చుండి సోయామొలకల తోకలను ఒక్కొక్కటిగ గిల్లుచుండును.

మేము కూర్చుండిన కొన్ని నిమిషములకే, ఇది కావలెనని నోరు తెరువకమునుపే, బల్ల నిండిపోయెను. క్యాబేజి కిమ్చి, ముల్లంగి కిమ్చి, పాలకూర, సోయామొలకలు, కొండలలో పెరుగు ఫెర్ను కాడలు, బెల్లుపువ్వు వేళ్లు, తీపికారములతో వేయించిన చిన్న ఎండుచేపలు, కాల్చిన సముద్రపు నాచు, ఒక వేపిన చేప. వీటి నడుమ మట్టిపిడతలో ఇంకను కుతకుత ఉడుకుచున్న, ద్వెన్‌జాంగ్ అను పులిసిన సోయాముద్దతో చేసిన పులుసు. ప్రతివారి ముందును మూతపెట్టిన గిన్నెలో అన్నము. ఈ భోజనమునకు పేరు బెక్బన్, అనగా తెల్లన్నము. ఇన్ని వంటకములుండగా అన్నము పేరనే భోజనమును పిలుచుట మన తెలుగువారికి వింతగ తోచదు. మనమును అన్నము తిన్నారా అనియే కదా అడుగుదుము. చుట్టునున్న చిన్న గిన్నెలను బాంచన్ అందురు. పూర్వమర్యాద ననుసరించి అన్నము, చారు, కిమ్చి, నంజుకొను జాంగులు (సోయాగింజలను పులియబెట్టి చేసినవి) లెక్కలోనికి రావు. తక్కినవాటిని మూడు, ఐదు, ఏడు, తొమ్మిది అని బేసిసంఖ్యలో ఎన్నుదురు. పండ్రెండు రాజుగారి పళ్లెరమునకు మాత్రమే చెల్లును.

ఆ బల్లను చూచి నాకు తోచిన మాట ఒకటి గలదు. ఆ గిన్నెలలోని రుచిలో సగమైన ఆ ఉదయము ఆ యింట పొయ్యిపై పుట్టినది కాదు. రుచికి మూలమైనదంతయు నెలల క్రిందట, కొంత సంవత్సరముల క్రిందట సిద్ధమై పెరటిలోని జాడీలలో కూర్చున్నది. అందువలననే వంట చూడవలెనని నేను కోరినప్పుడు ఆ యిల్లాలు నన్ను పొయ్యికడకు గాక పెరటిలోనికి తోడ్కొనిపోయెను.

అచట రాతితిన్నెపై, ఎండయు గాలియు చక్కగ తగులుచోట, ఇరువదికి పైగా నల్లని జాడీలు పొట్టలు ఉబ్బించుకొని నిలిచియున్నవి. ఆ తిన్నెను జాంగ్‌దొక్దె అందురు. జాడీలను ఒంగి అందురు. ఆ మట్టికి కంటికి కనబడని సన్నని రంధ్రములుండును. గాలి లోనికి చొచ్చును గాని, లోని ద్రవము వెలుపలికి కారదు. శీతకాలారంభమున సోయాగింజలను రాత్రియంతయు నానబెట్టి, మెత్తబడువరకు గంటలకొలది ఉడికించి, రోటిలో దంచి, ఇటుకల వలె అచ్చులు చేయుదురు. ఈ అచ్చు పేరు మెజు. వీటిని వరిగడ్డితో కట్టి చూరునకు వ్రేలాడదీయుదురు. గడ్డి కట్టుట కేవలము తాడు లేక కాదు: వరిగడ్డిలో సహజముగ నుండు సూక్ష్మజీవులే ఆ గింజల ముద్దలోనికి ప్రాకి దానిని పులియజేయును. నెలలు గడచి ముద్దలు పగుళ్లు తేరి బూజు పట్టిన పిదప, చాంద్రమాన సంవత్సరారంభమున వాటిని కడిగి ఎండించి, జాడీలో నిలిపి, ఉప్పునీరు పోయుదురు. ఉప్పు చాలినదో లేదో తెలిసికొనుటకు తూనికయు కొలతయు లేవు. ఒక కోడిగ్రుడ్డును నీటిలో విడిచినచో అది తేలి, నాణెమంత మేర నీటిపై కనబడవలెను. అంతకు తగ్గినచో జాంగు చెడును, మించినచో ఉప్పనగును. పైన కాలిన బొగ్గు, ఎండుమిరపకాయలు, ఎండు రేగుపండ్లు వేయుదురు. నలువది మొదలు అరువది దినములకు ద్రవమును వేరుచేసి కాచినచో అది కన్‌జాంగ్. మిగిలిన ముద్దను మెదిపి మరల జాడీకెత్తినచో అది ద్వెన్‌జాంగ్. ఆ జాడీ మూత తీసినపుడు వచ్చిన వాసన మొదట ముక్కును అదరగొట్టెను. రెండవ శ్వాసలో అది తడిసిన నేలను, వేపిన పప్పును ఒకేసారి స్మరింపజేసెను. ఈ జాంగు తయారీవిద్యను 2024లో యునెస్కో మానవజాతి సాంస్కృతిక వారసత్వపు పట్టికలో చేర్చినది.

కిమ్చి సంగతి తెలుగువానికి చెప్పుట సులభమును, కష్టమును గూడ. వేసవిలో ఇల్లంతయు కూడి ఆవకాయ పెట్టునట్లే అచట శీతకాలమునకు ముందు ఇరుగుపొరుగు కూడి కిమ్చి పెట్టుదురు. ఆ పనికి కిమ్‌జాంగ్ అని పేరు, 2013లో అదియు యునెస్కో పట్టిక కెక్కినది. సాదృశ్యము అంతటితో సరి. ఆవకాయకు తడి శత్రువు. ముక్కను గుడ్డతో తుడిచి, నూనెతో ముంచి, నీటిబొట్టు తగులకుండ కాపాడుదుము. కిమ్చి తడిలోనే బ్రతుకును. క్యాబేజిని నిలువుగ చీల్చి, పడమటి తీరపు రాళ్లయుప్పును రేకుల నడుమ, మందమైన కాడలకడ హెచ్చుగ, చల్లి రాత్రి యుంచుదురు. తెల్లవారి కాడను వంచి చూతురు: పుటుక్కున విరుగక చర్మము వలె వంగినచో ఉప్పు పట్టినట్లు. మూడుమార్లు కడిగి వడగట్టి, మిరపపొడి, వెల్లుల్లి, అల్లము, ముల్లంగి కోరు, ఉల్లికాడలు, ఉప్పురొయ్యలు, పలుచని బియ్యపుగంజి కలిపిన ముద్దను ఒక్కొక్క రేకునకు పూయుదురు. పిదప పై రేకుతో మూటగట్టి జాడీలో ఒత్తిపెట్టగా, రేకుల నడుమ గాలి సోకనిచోట పెరుగునందు వలె పులుపునిచ్చు సూక్ష్మజీవులు తమ పని మొదలిడును. పూర్వము ఆ జాడీలను నేలలో పాతి సున్నకు చేరువైన చలిలో నిలుపుచుండిరి. ఇప్పుడు అందుకై ప్రత్యేకమైన ఫ్రిజ్‌లు గలవు. మిరప మాత్రము వారికిని మనకును దూరదేశపు చుట్టమే. 1614లో యీ సు-క్వాంగ్ కూర్చిన విజ్ఞానగ్రంథమున అది జపానునుండి వచ్చిన ఆవ అను పేర కనబడును. అంతకు ముందటి కిమ్చి ఎఱ్ఱనిది కాదు. (మాంసాహారము మానినవారు ఇచట జాగరూకులై యుండవలెను, ఉప్పురొయ్యయు, ఎండుచేపల కషాయమును కంటికి కనబడక చాల వంటలలో కలిసియుండును.)

ఇక ఆకుకూరలు, మొలకల సంగతి. వీటిని నాముల్ అందురు. పాలకూరను మరిగెడు నీటిలో క్షణకాలము ముంచి, చన్నీట కడిగి, పిండి, కన్‌జాంగు, వెల్లుల్లి, నువ్వులనూనె చేర్చి చేతితో కలుపుదురు. ఇంతకన్న తేలికయైన వంట లేదు. ఇంతకన్న తేలికగ చెడునదియు లేదు. నేను గరిటె అందింపబోగా ఆ పెద్దామె తల అడ్డముగ ఊపి, తన చేతినే చూపెను. ఐదువ్రేళ్ల కొనలతో, నొక్కకయు విడువకయు, నిదురించు శిశువు జుట్టు సవరించునట్లు ఆమె ఆకును కలిపెను. పిండిన ఆకులో ఎంత నీరు మిగిలినదో వ్రేళ్లకే తెలియును, దానినిబట్టి ఉప్పు. కొరియావారు దీనిని సోన్మత్ అందురు, చేతి రుచి. ఆమె చేయి పడితే గంజియైనను రుచియే అని మన యిండ్లలో వినబడుమాటకు ఇంత దగ్గరి పదము వేరొక భాషలో నే నెరుగను.

పాలకూర గిన్నె ఖాళీయైనంతనే భర్త మరల నింపి తెచ్చెను. అందులకు వెల లేదు, అడుగనక్కరయు లేదు. పక్కబల్ల కుర్రవాడొకడు వంటింటివైపు తిరిగి ‘ఇమో’ అని పిలిచెను. తల్లి తోబుట్టువును పిలుచు పిలుపది. మనకు పిన్నియో పెద్దమ్మయో. ముక్కుమొగము తెలియని ఇల్లాలిని ఊరంతయు పిన్నీ అని పిలుచుచోట గిన్నె మరల నింపుట వ్యాపారనియమము కాజాలదు. చివర అన్నపుకుండ అడుగున అంటిన మాడుపై నీరుపోసి కాచిన సుంగ్న్యుంగ్ తెచ్చిరి. మసాలా లేదు, ఉప్పు లేదు. మాడిన బియ్యపు కమ్మదనము మాత్రమే. తరవాణి త్రాగి పెరిగినవారికి ఆ గిన్నె సొంత యింటిదే.

గోడపై ఒక పలక గలదు: బియ్యము, క్యాబేజి, మిరపపొడి, ఇవి ఏ దేశమువో అందు వ్రాసియున్నది. అట్లు వ్రాయుట అచటి చట్టము. పెక్కు భోజనశాలలలో నేడు కిమ్చి చైనానుండి పెట్టెలలో దిగుచున్నది; అద్దెలు పెరిగి, పని చేయు చేతులు తగ్గినపుడు ఎవరిని నిందింతుము? ఈ పలకపై మాత్రము అన్నిటి యెదుటను కొరియా అనియే యున్నది. ఆ దంపతుల కుమార్తె సోల్ నగరమున ఉద్యోగము చేయుచున్నదట. జాడీలను గూర్చి ఇంకను నిర్ణయింపలేదట. ఆ మాట చెప్పునపుడు తల్లి గొంతున ఫిర్యాదు లేదు గాని, నాకు మాత్రము ముద్ద దిగలేదు.

మన తెలుగునాట పెనుకొండ చెంత కొరియావారి కార్ల కర్మాగారము వెలసి, 2019లో ఉత్పత్తి మొదలైన పిమ్మట, అనంతపుర ప్రాంతమునను వారి భోజనశాలలు కనబడుచున్నవి. అచట కూర్చుండువారు నిప్పులపై కాల్చు మాంసమును తరువాత చూడవచ్చును; ముందుగ ఆ చిన్న గిన్నెలను చూడవలెనని నా మనవి.

మేము డబ్బు చెల్లించుచుండగా కిటికీ వెలుతురు మందగించెను. ఇల్లాలు చిల్లర బల్లపై నుంచి, మాట సగములో విడిచి, పెరటివైపు పరుగెత్తెను. ఎండకై ఉదయము తెరచిన జాడీల మూతలను తొలిచినుకు పడకమునుపే ఒక్కొక్కటిగ మూయుచుండగా, అత్తగారు మొలకల గంప ప్రక్కకు జరిపి తానును లేచి వెళ్లెను.