తోటకు నకలు, చేతికి కూలి

‘నకలు’ అన్న మాట మన విమర్శలో తిట్టుగా స్థిరపడిపోయింది. కవిని చిన్నబుచ్చాలంటే అనుకర్త అంటాం. పటాన్ని తీసిపారెయ్యాలంటే నకలు అంటాం. ఏలూరులోనూ తాడేపల్లిగూడెంలోనూ, బియ్యపు మిల్లులమీదా కొల్లేటి చేపల చెరువులమీదా కలిగినవారు కట్టుకొన్న ఇళ్ళలో ఈనాడు వాన్ గో తోటల పటాలు కనిపిస్తున్నవి. కొన్ని అచ్చు బొమ్మలు. కొన్ని చేత్తో నూనెరంగులు వేసినవి. వీటిని చూచి చదువుకొన్నవారు నవ్వుతారు. మన అభ్యుదయ మిత్రులు డబ్బున్నవాళ్ళ అలంకారమని ఒక్క మాటతో తేల్చివేస్తారు. ఈ రెండు తీర్పులలోనూ ఉన్న లోపం ఒక్కటే. రెండూ పటాన్ని కొన్నవాణ్ణి చూస్తున్నవి. వేసినవాణ్ణి చూడటం లేదు.

ముందుగా మూలం సంగతి విచారిద్దాం. ‘దోబిన్యీ తోట’ 1890 జూలైలో, అంటే వాన్ గో చనిపోయిన నెలలోనే, ఫ్రాన్సులోని ఓవేర్ గ్రామంలో వేసినది. దోబిన్యీ అంతకుముందు తరం చిత్రకారుడు, 1878లో పోయాడు. అతని భార్య ఇంకా ఆ ఇంట్లోనే ఉండేది. వాన్ గో ఆ తోటను ఒక్కసారి వేసి ఊరుకోలేదు. కాన్వాసు లేక మొదట ఒక తుడుపు గుడ్డమీద వేశాడు. అది ఇప్పుడు ఆంస్టర్‌డాంలో ఉంది. తర్వాత అదే తోటను రెండు పెద్ద పటాలుగా వేశాడు. ఒకటి స్విట్జర్లండులోని బాసెల్‌కు చేరింది. రెండవదాన్ని 1937లో నాజీలు పతనకళ అని ముద్రవేసి బెర్లిన్ చిత్రశాలనుంచి జప్తు చేశారు. చేతులు మారి మారి అది నేడు జపానులోని హిరోషిమాలో ఉంది. బాసెల్ పటంలో ముందుభాగాన నల్లపిల్లి నడుస్తున్నది. హిరోషిమా పటంలో ఆ పిల్లిని రంగుపూసి కప్పివేశారు. మూలచిత్రం ఒక్కటే ఉంటుంది, అదొక్కటే పవిత్రం అనే వాదం ఈ తోట ముందు నిలవదు. చిత్రకారుడే తన పటాన్ని తిరిగి వేసుకొన్నాడు.

ఇతరుల పటాలను చూచి వెయ్యటానికి కూడా అతడు సిగ్గుపడలేదు. హిరోషిగే చెక్క అచ్చుతో తీసిన ప్లమ్ చెట్ల పూలతోటను 1887లో నూనెరంగులలో వేశాడు. జపాను అతడు చూచిన దేశం కాదు. తర్వాత సెయింట్ రెమీ చికిత్సాలయంలో ఉన్నప్పుడు మిల్లే వేసిన రైతుకూలీల చిత్రాలకు ఇరవైకి పైగా ప్రతులు వేశాడు. ఆ పనిని 1889లో తమ్మునికి వ్రాసిన ఉత్తరంలో బేతోవెన్ స్వరాలను వాయించే వాద్యకారుని పనితో పోల్చాడు. మనకు ఇది కొత్త సంగతి కాదు. త్యాగరాజు కృతిని పాడే గాయకుణ్ణి నకలు పాడుతున్నావని ఎవరూ అనరు. మన ఆదికావ్యమే వ్యాసుని కథను తెలుగులో తిరిగి చెప్పినది. తాళపత్రాలకు ప్రతులు వ్రాసిన లేఖకులు లేకపోతే మన సాహిత్యంలో ఎంత మిగిలేదో ఊహించుకోవచ్చు. పైగా ఆ లేఖకుడు ఎన్నో ప్రతుల చివర తన పేరూ, వ్రాసి ముగించిన తిథీ వేసుకొన్నాడు.

కనుక చూచి వెయ్యటంలో తప్పు లేదు. అడగవలసిన ప్రశ్నలు వేరు. ఏ పటం వెయ్యాలో ఎవరు నిర్ణయిస్తున్నారు? వేసిన చేతికి ఏమి దక్కుతున్నది? ఆ పనిలో చెయ్యి ఏమి నేర్చుకొంటున్నది?

చైనాలో షెన్‌జెన్ నగరపు అంచున డాఫెన్ అనే పల్లె ఉంది. 1989లో హువాంగ్ జియాంగ్ అనే హాంకాంగు వ్యాపారి కొద్దిమంది చిత్రకారులతో అక్కడ పని ప్రారంభించాడు. తర్వాత వేలాదిమంది చేరారు. చాలామంది పల్లెలు వదలివచ్చిన రైతుబిడ్డలు. చేత్తో వేసిన వాన్ గోలు అక్కడినుంచి ప్రపంచమంతటికీ వెళ్ళినవి. కాన్వాసులను వరుసగా వేలాడదీసి, అన్నిటిలోనూ ఒకే భాగాన్ని వేసుకొంటూ పోవటం అక్కడి పద్ధతి. వీరిలో ఒకరిని గూర్చి 2016లో ‘చైనాస్ వాన్ గోస్’ అనే డాక్యుమెంటరీ వచ్చింది. ఇరవై ఏళ్ళపాటు వాన్ గోను వేసి, ఒక్క మూలచిత్రమైనా చూడని మనిషి అతడు. చివరకు ఆంస్టర్‌డాం వెళ్ళాడు. తన పటాలు ఏదో చిత్రశాలలో అమ్ముడవుతున్నవని అనుకొన్నవాడికి అవి యాత్రికుల జ్ఞాపికల అంగట్లో కనిపించాయి. తనకు ముట్టిన ధరకు ఎన్నోరెట్లు అక్కడ పలుకుతున్నది.

ఈ కథ మన ఊరికి దూరమైనదని అనుకోనక్కరలేదు. ఏలూరు తివాచీకి ప్రసిద్ధి. అదీ ఒకవిధంగా చేత్తో చేసే తోటే: పారశీకంనుంచి వచ్చిన పూలూ లతలూ, నమూనా చూచి ముడి తర్వాత ముడిగా నేసేది. పొరుగున ఉన్న బందరు తివాచీలను గూర్చి జార్జి బర్డ్‌వుడ్ 1880లోనే వ్రాశాడు. ఇంగ్లీషు వర్తకులు చవకసరుకు తెచ్చి నేతగాళ్ళ నెత్తిన పెట్టారనీ, దానితో సంప్రదాయం తెగి, అందమైన నమూనాల స్థానంలో అర్థంలేనివి వచ్చాయనీ అతని ఫిర్యాదు. అతడు బ్రిటిషు పాలనలో ఉద్యోగి. అయినా రోగాన్ని సరిగానే పట్టాడు. నేతగాడు పరాయి నమూనా నేసినందువల్ల చెడలేదు. పారశీకపు పూలూ ఒకనాడు పరాయివే. నూలును, నమూనాను, ధరను మూడింటినీ దళారి పట్టుకొన్నందువల్ల చెడ్డాడు. కొల్లేటిలో జరిగిందీ ఇదే. మత్స్యకారుల సహకార సంఘాల పేర 1970 దశకంలో తవ్విన చెరువులు క్రమంగా పెట్టుబడి పెట్టేవారి లీజులలోకి పోయాయి. చెరువు ఒకరి పేర, చేప మరొకరి లారీలో.

ఇక్కడ ఒక ఆక్షేపణ ఉంది. ఆర్డరు లేకపోతే పనివాడు తినేదేమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2008 ఆర్థికసంక్షోభంలో విదేశీ ఆర్డర్లు పడిపోయినప్పుడు డాఫెన్‌లో కష్టం తెలిసింది. నకళ్ళు కొనవద్దని నేను చెప్పటం లేదు. కొనటం మానితే మొదట పస్తుండేది వేసినవాడే. పటం వెనుకనైనా అతని పేరు ఉండాలనీ, ధరలో న్యాయమైన వాటా అతనికి చేరాలనీ అడుగుతున్నాను. విమర్శకులం మనం కూడా ‘నకలు’ అని మొగం తిప్పుకోకుండా ఆ కుంచెపనిని దగ్గరగా చూడటం నేర్చుకోవాలి. ఎక్కడ చెయ్యి అలసిందో, ఎక్కడ తనంతట తాను ఆలోచించిందో పటంలోనే తెలుస్తుంది.

పైన చెప్పిన చిత్రకారుడు ఆంస్టర్‌డాం నుంచి తిరిగి వచ్చి తన నాయనమ్మను వేశాడు, తన వీధిని వేశాడు. వాన్ గో చెట్టు వేసి వేసి సంపాదించిన చెయ్యే అది. ఆటపాక గూడబాతులనూ, 2006లో గట్లు తెంచిన చెరువులనూ, వాటిలో దిగి వల లాగే కూలినీ వెయ్యగల చేతులు మన ప్రాంతంలో కూడా నకళ్ళనుంచే తయారు కావచ్చు. అందుకు ఆ చేతికి నైపుణ్యంతోపాటు తీరిక కావాలి. ఆ తీరికను కొనుక్కోగల కూలి అతనికి ఇంకా ముట్టటం లేదు.