నబీకి ఏ చోటు?

“అన్ని చోట్లా ఆడాడు. ఏ చోటూ అతనిది కాలేదు.” ఫుట్‌బాల్ ఆటగాడు సయ్యద్ రహీం నబీ గురించి మా వీధిలోని పెద్దాయన తీర్పు ఇది. ఈస్ట్ బెంగాల్ మ్యాచ్ ఉందంటే జ్వరంతోనైనా వెళ్లే మనిషి ఆయన. తీర్పు నాకు నచ్చలేదు గానీ, కోల్‌కతాలో ఎర్ర-పసుపు జెండా పట్టుకున్న చాలామంది మనసులో మాట అదేనని తెలుసు. నబీ పేరెత్తగానే ముందు ప్రేమగా నవ్వుతారు, ఆ వెంటనే “కానీ...” అంటారు.

హుగ్లీ జిల్లా పాండువా నుంచి వచ్చిన నబీ, 2011లో ప్రత్యర్థి క్లబ్బు మోహన్ బగాన్‌కు మారేదాకా ఈస్ట్ బెంగాల్‌కు ఫార్వర్డ్‌గా ఆడాడు, వింగ్‌లో ఆడాడు, మిడ్‌ఫీల్డ్‌లో ఆడాడు, లెఫ్ట్ బ్యాక్‌గానూ ఆడాడు. కోచ్ బాబ్ హౌటన్ జాతీయ జట్టులోనూ అతన్ని వెనక వరసలో నిలబెట్టాడు. 2007, 2009, 2010లలో ఈస్ట్ బెంగాల్ ఫెడరేషన్ కప్పు గెలిచింది. జాతీయ లీగు టైటిల్ మాత్రం 2003-04 తర్వాత ఆ ఏళ్లలో మళ్లీ చేతికి రాలేదు. ఒక నెల మెరుపు, మరో నెల మబ్బు అన్నట్టు సాగిన క్లబ్బులో నబీ ఒక్కడి నిలకడలేమినే వేలెత్తి చూపడం నాకు న్యాయంగా అనిపించదు.

అభిమానులు ఆటగాణ్ణి తూచే పద్ధతిలోనే ఓ చిక్కుంది. 2020లో క్లబ్బుకు వందేళ్లు నిండినప్పుడు అందరం ఆల్‌టైమ్ ఎలెవన్‌లు రాసుకున్నాం. పదకొండు చోట్లు, పదకొండు పేర్లు. చోటును బట్టి పేరు వెతుకుతాం కాబట్టి, ఎవరు లేకపోతే వాళ్ల చోట్లో దిగినవాడు ఆ కాగితం మీదికి ఎక్కడు. లెఫ్ట్ బ్యాక్‌గా నబీ కన్నా గట్టివాళ్లు దొరుకుతారు, ఫార్వర్డుగా ఇంకా ఎక్కువమంది దొరుకుతారు. కోచ్ మాత్రం జట్టును అలా రాసుకోడు. ఎవరికి కాలు నొప్పి, ఎవరికి సస్పెన్షన్ అని చూసుకుని, ఖాళీ ఎక్కడుంటే అక్కడ నబీని పెట్టేవాడు.

చోటు మారడమంటే ఏమిటో గ్యాలరీలోంచి చూసేవాళ్లం సరిగా పట్టించుకోం. వింగర్ బంతితో మీదికి వస్తుంటే లెఫ్ట్ బ్యాక్ బంతి మీదికి దూకకూడదు. ఒళ్లు కాస్త పక్కకు తిప్పి, మోకాళ్లు వంచి, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ అతన్ని టచ్‌లైన్ వైపు నెట్టాలి. తొందరపడి కాలు చాచాడా, అయిపోయినట్టే. ఫార్వర్డ్‌కు చిన్నప్పటి నుంచి నేర్పేది దీనికి పూర్తిగా ఎదురు: సందు కనిపిస్తే దూరు, బంతి దొరికితే తెగించు. ఈ రెండు అలవాట్లూ ఒకే ఒంట్లో ఉంచుకుని వారం వారం ఒకదాన్ని అణిచి మరొకదాన్ని లేపాలి. నబీ ఎడమ వైపు పైకి పరుగెత్తినప్పుడు మేం లేచి నిలబడి అరిచేవాళ్లం. బంతి పోయి, అతను వదిలొచ్చిన ఖాళీలోంచి ఎదుటివాళ్లు దాడి చేస్తే తిట్టేదీ మేమే. ఆ పరుగు లేకుండా ఆ ఖాళీ లేదు. ఒకటి కావాలని, రెండోది వద్దని ఎలా అంటాం?

బగాన్‌కు వెళ్లిపోవడం అన్నది రెండో ఫిర్యాదు. దీనికి మన హైదరాబాద్ నుంచే జవాబుంది. మహమ్మద్ హబీబ్ ఈస్ట్ బెంగాల్‌కు ఆడారు, మోహన్ బగాన్‌కు ఆడారు, మహమ్మడన్ స్పోర్టింగ్‌కూ ఆడారు. 1977లో పీలే ఉన్న కాస్మోస్ జట్టు మీద ఈడెన్‌లో గోలు కొట్టింది బగాన్ జెర్సీలోనే. 2023 ఆగస్టు 15న ఆయన పోయినప్పుడు మూడు క్లబ్బుల వాళ్లూ మావాడన్నారు. ‘బడే మియా’ అని పిలిపించుకున్న హబీబ్ ఏ జెర్సీ వేసినా అదే కసి, అదే పరుగు. కాబట్టి నబీ మీద కోపం అసలు గడప దాటినందుకు కాదని నా నమ్మకం. రోజూ ఒకేలా ఆడినవాడికి దొరికే క్షమ, రోజుకోలా ఆడినవాడికి దొరకదు.

ఈస్ట్ బెంగాల్‌కే ఆడిన తులసీదాస్ బలరాంగారిది మరో కథ. సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి వచ్చి, 1962 ఏషియాడ్ బంగారు జట్టులో ఆడి, ఊపిరితిత్తుల జబ్బుతో 1963లోనే ఆట మానేసి, నబీ జిల్లాలోనే ఉన్న ఉత్తరపాడాలో స్థిరపడ్డారు. ఆట గురించి ఎవరికీ ఏ అనుమానమూ లేదు. అయినా ఈస్ట్ బెంగాల్ క్లబ్బుతో ఆయన మనసు చివరిదాకా కలవలేదు. ఎంత గొప్పగా ఆడినా పాత క్లబ్బుతో లెక్క సాఫీగా తేలుతుందన్న భరోసా లేదు.

2012 డిసెంబరు 9. సాల్ట్‌లేక్ స్టేడియంలో ఐ-లీగ్ డెర్బీ. నబీ బగాన్ జెర్సీలో పాత క్లబ్బుకు ఎదురుగా ఉన్నాడు. హర్మన్‌జోత్ ఖాబ్రా గోలుతో ఈస్ట్ బెంగాల్ ముందుంది. బగాన్ ఫార్వర్డ్ ఒడాఫాకు రెడ్ కార్డు చూపించడంతో గ్యాలరీలు భగ్గుమన్నాయి, రాళ్లు పడ్డాయి. ఒక రాయి నబీ ముఖానికి తగిలింది. గాయపడి ఆస్పత్రి పాలయ్యాడు. బగాన్ రెండో సగం ఆడనంది. ఆ తర్వాత నెలల తరబడి ఊరంతా నిషేధం గురించి, జరిమానా గురించి, పాయింట్ల కోత గురించి వాదించుకుంది. ఆటలో గాయపడితే అది వృత్తి అనుకోవచ్చు. చూడ్డానికి వచ్చినవాళ్ల చేతి రాయితో గాయపడిన మనిషిని ‘నిలకడ లేనివాడు’ అనడానికి నాకు నోరు రాదు.

ఆ ఏడాదికే దేశపు ఉత్తమ ఆటగాడిగా అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య నబీని ఎంపిక చేసింది. “చూశావా, మంచి ఆటంతా వాళ్లకు దాచిపెట్టాడు” అన్నాడు పెద్దాయన. “దాచలేదు దాదా, మన దగ్గర నాలుగు చోట్లు తిరిగి నేర్చుకున్నది అక్కడ చూపించాడు” అన్నాను. ఒప్పుకోలేదాయన. ఆ అవార్డులో ఈస్ట్ బెంగాల్ ఏళ్ల వాటా ఉందని నేను మాత్రం గట్టిగా నమ్ముతాను. క్లబ్బు చరిత్ర రాసేవాళ్లెవరైనా దాన్ని మన ఖాతాలోనూ రాయాలి.