ఫైల్లో లేని మూడు నెలలు

ఆ అమ్మాయి ఫైలు ఐదో నెల టిఫా స్కాన్‌తో మొదలైంది. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి, ఎనిమిదో నెలలో మొదటిసారి నా ఓపీకి వచ్చింది. వెంట తల్లి, వదిన.

"మొదటి నెలల కాగితాలేవమ్మా?"

"ఇల్లు మారినప్పుడు పోయాయండీ" అంది తల్లి.

"గర్భం సహజంగానే వచ్చిందా? ఏమైనా ట్రీట్‌మెంట్ తీసుకున్నారా?"

ఇరవై ఏళ్లుగా ప్రతి గర్భిణినీ అడుగుతున్న ప్రశ్నే. అమ్మాయి తలెత్తలేదు. "సహజంగానేనండీ" అని మళ్లీ తల్లే చెప్పింది. నేను అదే రాసుకున్నాను.

ఆఖరి నెలసరి తేదీ నుంచి లెక్కిస్తే 34 వారాలు. స్కాన్‌లో బిడ్డ కొలతలు చూస్తే 32 వారాల 4 రోజులు. పాత టిఫాలోనూ అదే పది రోజుల తేడా. బిడ్డ మొదటినుంచీ చిన్నదా, లేక తేదీ తప్పా? ఎటూ తేల్చలేని తేడా అది. బిడ్డ ఎదుగుదల తగ్గిందనుకుంటే వారం వారం డాప్లర్ చేయాలి, 37 వారాలకే కాన్పు చేయాల్సి రావచ్చు. ఆ మాటే వాళ్లకు చెప్పాను. ముగ్గురూ లేచి వెళ్లారు.

రెండు నిమిషాల్లో ఆ అమ్మాయి ఒక్కతే తిరిగొచ్చింది. "వాటర్ బాటిల్ మర్చిపోయాను" అని బయటికి వినపడేలా అంది. తలుపు దగ్గరగా వేసి, ఫోన్లో ఒక ఫొటో తీసి నా ముందు పెట్టింది. సంతాన సాఫల్య కేంద్రం వాళ్లిచ్చిన చీటీ. ఫ్రీజ్ చేసిన ఐదు రోజుల పిండాన్ని గర్భసంచిలో పెట్టిన తేదీ అందులో ఉంది. "వదినకి తెలియదు మేడం" అంది, గొంతు బాగా తగ్గించి.

ఐదు రోజుల పిండమైతే, పెట్టిన తేదీ నుంచి 19 రోజులు వెనక్కి జరిపి అక్కడినుంచి వారాలు లెక్కపెడతాం. అలా చూస్తే బిడ్డ వయసు 32 వారాల 4 రోజులు. స్కాన్ చెప్పింది అక్షరాలా నిజం. గర్భసంచి లోపలి పొర కావలసినంత మందం రాకపోవడంతో అప్పట్లో హార్మోన్ మాత్రలు ఇంకో పది రోజులు వాడించారట. తేడా అంతా అక్కడే ఉంది. బిడ్డ ఎదుగుదలకు ఏ లోటూ లేదు. నేను ముందు లెక్కనే నమ్మి 37 వారాలకు కాన్పు చేసి ఉంటే, ఆ బిడ్డ 35 వారాల 4 రోజులకే బయటపడేది.

ఆ రాత్రి నాకు ఆ అమ్మాయి మీద కోపం రాలేదు. వదిన ఎదురుగా అడిగింది నేను. పైగా "సహజంగానే వచ్చిందా" అన్నాను. అలా అడిగితే రెండోది అసహజమనేగా అర్థం! రోగి చెప్పింది రాసుకోవడమే హిస్టరీ అనుకున్నాను. చెప్పగలిగే వీలు కల్పించడం కూడా అందులో భాగమేనని ఆ వాటర్ బాటిల్ నేర్పింది.

అప్పటినుంచి మొదటి విజిట్‌లో ఐదు నిమిషాలు వెంట వచ్చినవాళ్లందరినీ బయట కూర్చోబెడుతున్నాను, తల్లినైనా, భర్తనైనా. "తనంతట వచ్చిందా, మాత్రలతోనా, ఐయూఐనా, ఐవీఎఫా? ఏదైనా పర్లేదమ్మా, నాకు లెక్కకు కావాలి" అని అడుగుతున్నాను. ఇంట్లో నలుగురూ తిరగేసే ఫైల్లో సరైన కాన్పు తేదీ మాత్రమే రాస్తాను. మిగతా వివరాలు ఆస్పత్రి రికార్డులో ఉంటాయి. పాత చీటీల ఫొటోలు ఫోన్లో దాచుకోమంటాను, అర్ధరాత్రి వేరే ఆస్పత్రికి వెళ్లాల్సి వస్తే పనికొస్తాయని.

గర్భం ఎలా వచ్చిందో అడిగేది తేదీ కోసం ఒక్కటే కాదు. ప్రొజెస్టరాన్ ఎప్పుడు ఆపాలో తెలియాలి. ఐవీఎఫ్ గర్భాల్లో బీపీ పెరిగే అవకాశం కొంత ఎక్కువ, దాత అండమైతే ఇంకొంచెం ఎక్కువ. అవసరమనుకుంటే చిన్న డోసు ఆస్పిరిన్‌ను 16 వారాల లోపే మొదలుపెడతాం. మాయ కిందికి ఉందా, బొడ్డుతాడు ఎక్కడ అతుక్కుంది అన్నది స్కాన్‌లో ప్రత్యేకంగా చూడమంటాం. డౌన్ సిండ్రోమ్ పరీక్షలో ముప్పును లెక్కగట్టేది అండం వయసును బట్టి. దాత వయసు పాతికైనప్పుడు, తల్లి వయసు నలభై అని రాస్తే ఆ రిపోర్టుకు విలువే లేదు.

చెప్పకపోవడానికి ఆడవాళ్లకున్న కారణాలు నాకు తెలుసు. కాంపౌండర్‌ది మన ఊరే. పుట్టబోయే బిడ్డను రేపు ఎవరైనా వేరుగా చూస్తారేమో. "ఎన్నేళ్లకో నిలిచిన కాయ" అంటూ డాక్టరే నేరుగా సిజేరియన్‌కు రాసేస్తుందేమో. ఈ చివరి భయాన్ని నేను కొట్టిపారేయలేను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. అయినా ఐవీఎఫ్ ఒక్కటే సిజేరియన్‌కు కారణం కాదు. "ఎందుకు చేయాలి?" అని అడిగే హక్కు మీకుంది. జవాబు చెప్పాల్సిన బాధ్యత మాది. రోగి రహస్యాన్ని కాపాడాలని 2002 నాటి వైద్య నీతి నియమాలూ మమ్మల్ని ఆదేశిస్తున్నాయి.

మన దేశపు తొలి టెస్ట్‌ట్యూబ్ బిడ్డ 1978 అక్టోబరు 3న కలకత్తాలో పుట్టింది. చాలా ఏళ్లు లోకానికి ఆ పాప 'దుర్గ' అన్న మారుపేరుతోనే తెలుసు. ఆ తల్లిదండ్రులు లోకం దగ్గర దాచారు. ఆ చికిత్స చేసిన డాక్టర్ సుభాష్ ముఖర్జీ దగ్గర దాచిందేమీ లేదు. ఆ తేడా మనమూ పాటించవచ్చు.

అమ్మా, అత్తగారికి చెప్పాలా వద్దా, వదినకు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. అది మీ బదులు ఇంకెవరూ నిర్ణయించలేరు. డాక్టరుకు మాత్రం చెప్పండి. పక్కన మనుషులుంటే "మీతో ఒక్క నిమిషం మాట్లాడాలి" అనండి, చాలు. ఈసారి వెళ్లేటప్పుడు ఆ మొదటి మూడు నెలల కాగితాలూ పట్టుకెళ్లండి.